సంతకానికి కొన్న చీర

కమలకు కోపం వస్తే గరిటె కింద పెట్టేస్తుంది. అశోక్‌నగర్‌లో మా గల్లీ చివర ఆమె నడిపే మెస్సుకు వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పోటీ పరీక్షలకు చదువుకోవడానికి ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చి గదుల్లో ఉండే పిల్లలు వాళ్ళు. గరిటె చేతిలో ఉన్నంతసేపు ఆమె ఎంత అరిచినా ఎవరికీ భయం లేదు. "అన్నం వదిలేస్తున్నవేంది? మీ అమ్మ చూస్తే ఊకుంటదా?" అని తిడుతూనే ఇంకో గరిటె పప్పు వడ్డిస్తుంది. శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళకు అడక్కుండానే ఉప్మా చేసి పెడుతుంది. గరిటెను గిన్నె మీద అడ్డంగా పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుందా, అప్పుడు మాత్రం అందరూ తలలు వంచుకుని తింటారు.

పోయిన శ్రావణమాసంలో ఆమె అలా గరిటె కింద పెట్టింది. పక్కింటిదాన్ని, ఆ రోజు వడ్డనకు సాయంగా నేనక్కడే ఉన్నాను. కోపం మంచిది కాదని రోజూ పొద్దున చిక్కడపల్లి గుడిలో స్వామి ముందు నిలబడి అనుకుంటాను. మెట్లు దిగి బయటికి రాగానే మళ్ళీ ఆ కోపమే వస్తుంది. ఎవరైనా మోసం చేస్తే చేశారు, లోకంలో ఉన్నదే అనుకోవచ్చు. ఆ మోసానికి పసుపు కుంకుమలు అడ్డం పెట్టుకోవడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కమలది జనగామ పక్క పల్లె. భర్త శ్రీశైలం ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన ఎంత నెమ్మదిగా మాట్లాడతాడంటే, ఆయన ఒక మాట పూర్తి చేసేలోపు ఆమె రెండు కూరలు తాలింపు పెట్టేస్తుంది. మెస్సు ఉన్నది ఒక పాత అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో. ఆ ఫ్లాటు బాలకిషన్ గారిది. నెల మొదట్లో ఆయనే కాచిగూడ నుంచి వచ్చి కిరాయి తీసుకునేవాడు. భోజనం చేసి, ఆ కిరాయి నోట్లలోంచే ఒకటి తీసి కమల చేతిలో పెట్టేవాడు. "కిరాయి కిరాయే, బువ్వ బువ్వే అమ్మా" అనేవాడు. లాక్‌డౌన్‌లో గదులన్నీ ఖాళీ అయి మెస్సు మూతపడ్డప్పుడు, "తినేటోళ్ళే లేరు, కిరాయి ఏంది?" అని రావడమే మానేశాడు. ఆయనకు కమల చేసే చింతకాయ పచ్చడి ప్రాణం. అంబర్‌పేట్‌లో ఉన్న కూతురికి కూడా ఒక డబ్బా కట్టించుకుని, శ్రీశైలంతో పంపించేవాడు.

అలాంటి మనిషి పోయాక ఆయన కొడుకు రాజీవ్ వచ్చాడు. వేసవి ఎండలు తగ్గుతున్న రోజులు.

"కమలక్కా, ఫ్లాట్ అమ్మేస్తున్న. హాస్టల్ నడిపేటాయన ఒకాయన ఎక్కువనే ఇస్తనంటున్నడు. కానీ నాన్న మీ గురించి మస్తు చెప్తుండె. మీరు తీసుకుంటే మీకే ఇస్త, జర తక్కువకే. లేదంటే దసరా లోపల ఖాళీ చెయ్యాలె."

"ఖాళీ చేసి ఏడికి పోవాలె బాబూ? ఈ పిల్లలంత ఈ గల్లీకే అలవాటు పడ్డరు."

"అందుకే అంటున్న. ఆషాఢం వస్తున్నది, ఆలోపే బయానా ఇచ్చెయ్యుండ్రి. మంచి దినాలు పోతె మళ్ళ ఆ హాస్టలాయన ఆగడు."

ఆషాఢం మాట వినగానే కమలకు కాళ్ళు నిలవలేదు. ఆ వారంలోనే అగ్రిమెంటు రాసుకున్నారు, బయానా కింద అడ్వాన్సు ఇచ్చారు. అందులో రాజీవ్ తాను బాలకిషన్ గారికి ఏకైక వారసుడినని రాయించాడు. చదివి వినిపిస్తుంటే కమలా విన్నది, శ్రీశైలమూ విన్నాడు. పచ్చడి డబ్బా పట్టుకుని అంబర్‌పేట్‌కు ఎన్నిసార్లో వెళ్ళిన మనిషి, ఆ కూతురు ఏమైందని అడగలేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. పెళ్ళి చేసి, పసుపు కుంకుమ ఇచ్చి పంపిన పిల్లకు పుట్టింట్లో ఇంకేముంటుందని మనవాళ్ళ లెక్క.

బ్యాంకువాళ్ళు లోనుకు లాయరు సర్టిఫికెట్ కావాలన్నారు. అప్పుడు వెళ్ళారు వెంకటరామయ్య గారి దగ్గరికి. ఆయన చిక్కడపల్లిలో గుడికి పోయే దారిలోనే ఒక మేడ మీద ఉంటారు. వాళ్ళ నాన్నగారు గుడివాడ నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ఎవరు వచ్చినా ముందు మజ్జిగ ఇస్తారు, తర్వాతే కాగితాలు అడుగుతారు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

ఆయన అగ్రిమెంటు చదివి కళ్ళద్దాలు తీశారు.

"బయానా ఇచ్చేశాక వచ్చారా అమ్మా నా దగ్గరికి? పెళ్ళయ్యాక జాతకాలు చూపించినట్టుంది మీ వరస. బాలకిషన్ గారు వీలునామా రాశారా?"

"రాయలే సార్."

"భార్య?"

"ఆమె ముందే పోయింది."

"పిల్లలు?"

"ఈ రాజీవ్, ఒక బిడ్డ. ఆమె పెండ్లయి అంబర్‌పేట్ల ఉన్నది."

"అయితే ఏకైక వారసుడేమిటి? సగం ఆవిడది."

కమల నమ్మలేదు. "పెండ్లినాడే అన్నీ ఇచ్చి పంపిండ్రు గద సార్?"

"ఏమిచ్చారు? చీర, సారె, పసుపు కుంకుమలు. చట్టానికి అవేం తెలీవమ్మా. తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. కొడుక్కెంతో కూతురికీ అంతే. ఆవిడ సంతకం లేకుండా కొన్నారనుకోండి, రేపు ఆవిడో, ఆవిడ పిల్లలో కోర్టుకెళతారు. అప్పుడు మీరు గిన్నెలు పక్కనపెట్టి వాయిదాలకు తిరగాలి. అసలు బ్యాంకే లోను ఇవ్వదు."

ఈ మాట చెబితే రాజీవ్ నవ్వేశాడు.

"గింతేనా అక్కా? రాగిణి నా చెల్లె. నేను చెప్తే కాదంటదా? శ్రావణంల ఒక మంచి రోజు చూసి, ముందుగాల తన హక్కు నాకు వదులుకున్నట్టు రాసిస్తది. గా రోజే నేను మీకు రిజిస్ట్రీ చేస్త. మీరు జర ఒక మంచి చీర, పసుపు కుంకుమ తెచ్చి పెట్టుండ్రి. శ్రావణమాసం గద, ఆడబిడ్డ ఖుషీ అయితది."

వెంకటరామయ్య గారిని అడిగితే, "ఆవిడ తెలిసి, ఇష్టపడి రాసిస్తే అలా చెయ్యొచ్చు" అన్నారు. 'తెలిసి' అనే మాటను ఆయన కాస్త నొక్కి పలికారు. కమల చెవిలో పడింది 'చెయ్యొచ్చు' ఒక్కటే.

చీర కొనడానికి నన్ను నారాయణగూడకు తీసుకుపోయింది. మామిడిపండు రంగు, మెరూన్ అంచు. దుకాణంలో సేల్స్ పిల్లను ఎంతసేపు సతాయించిందో చెప్పలేను. "ఇది ఇల్లిచ్చే తల్లికి పెట్టే చీర, అంచు మాసినట్టుంటే ఎట్ల?" అంటూ దొంతరలన్నీ విప్పించింది. చివరికి ఆ పిల్ల అలసిపోయిందని చూసి తనే సగం చీరలు మడతపెట్టి ఇచ్చింది. మర్నాడు గల్లీలో ఒకామె చేత ఫాల్ కుట్టించింది.

రిజిస్ట్రేషన్‌కు ముందురోజు నా దగ్గరికి కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. "నడువు, అంబర్‌పేట్ పోదాం. ఆడబిడ్డకు చీర పెట్టేటప్పుడు బొట్టు పెట్టి పిలవాలె గద. పిలవకుండ ఆఫీసు బెంచి మీద చేతుల పెడ్తమా?"

"రాజీవ్ తీసుకొస్తానన్నాడు కదా?"

"ఆయన తీసుకొచ్చుడు వేరే, మనం పిలుసుడు వేరే."

బొట్టుకు ఒక్కరే పోకూడదు కాబట్టి నేను వెంట నడిచాను. శ్రీశైలం చెప్పిన గుర్తుల ప్రకారం ఇల్లు సులువుగానే దొరికింది. ఒక గది, వంటిల్లు. కిటికీ పక్కన ఎవరెవరివో చీరలు గుట్టగా పడి ఉన్నాయి. రాగిణి ఒక బట్టల దుకాణానికి ఫాల్స్ కుట్టి ఇస్తుంది. ఒళ్ళో చీర పక్కన పెట్టి గబగబా లేచింది. గోడ మీద బాలకిషన్ గారి ఫోటో, దానికి ఆ పొద్దున వేసిన మల్లెదండ.

"మెస్ అక్క మీరేనా? మీ చింతకాయ పచ్చడి ఎన్నిసార్లు తిన్ననో! నాన్న పోయినంక అది గూడ బందైంది" అని చాప పరిచి, చల్లటి నీళ్ళు తెచ్చింది. మేము తాగేదాకా నిలబడే ఉంది.

కమల భరిణె మూత తీసి, వేలికి కుంకుమ అద్దుకుని, "రేపు రిజిస్ట్రీకి తప్పకుండ రావాలె బిడ్డా" అంది.

"రిజిస్ట్రీనా? ఏం రిజిస్ట్రీ అక్కా?"

"ఫ్లాట్‌ది."

"ఫ్లాట్‌కు రిజిస్ట్రీ ఎందుకు? ఇంటి పన్ను నాన్న పేరు మీదికెల్లి తన పేరు మీదికి మారాలె, ఒక సంతకం పెట్టి పో అన్నడు అన్న. గంతే గద?"

కమల వేలు గాలిలోనే ఆగిపోయింది.

ఆ క్షణం నాకు బాగా గుర్తు. "ఆ, అదే, అదే" అంటే సరిపోయేది. బొట్టు పెట్టి, కాఫీ తాగి వచ్చేసేవాళ్ళం. తెల్లవారితే ఆమె పొయ్యి ఆమెదయ్యేది. అనకపోతే దసరాకు గిన్నెలు మూటకట్టుకుని ఏ గల్లీలో పడాలో తెలియదు. నేను కమల ముఖం చూడలేక ఆ ఫోటో వైపు చూస్తూ ఉండిపోయాను.

కమల వేలి కుంకుమ తుడుచుకుని, భరిణె మూత పెట్టేసింది.

"రాగిణీ, మీ అన్న ఆ ఫ్లాట్ నాకు అమ్ముతున్నడు. అండ్ల సగం నీది. నీ సగం నాకొద్దు, అన్నకే ఇడిసిపెడ్తున్న అని రేపు నీతోని రాయించుకుంటడు. నీకు పెట్టుమని నాతోని చీర గూడ కొనిపిచ్చిండు."

రాగిణి మొదట నవ్వింది. తర్వాత, "ఎంతకు అమ్ముతున్నడు?" అని అడిగింది. కమల చెప్పింది. రాగిణి తన చీర మీద అంటుకున్న దారప్పోగులు ఒక్కొక్కటే ఏరసాగింది.

"రాఖీ నాడు పోయి కట్టొచ్చిన. ఆ దారం ఇంక వాని చేతికే ఉండొచ్చు" అంది చివరికి.

తిరిగి వచ్చాక శ్రీశైలం గొంతు మొదటిసారి పెద్దదవడం విన్నాను.

"నీకెందుకే వాళ్ళింటి పంచాయితీ? ఒక్క దినం నోరు మూసుకుంటే ఇల్లు మనదైతుండె."

"నోరు మూసుకుంటే ఆ పొయ్యి మీద వంట ఎట్ల చేస్త?"

"గ్యాస్ మీద చేస్తవ్, రోజు చేసినట్టే."

ఆమె గిన్నెలు కడగడానికి పోయింది. ఆయన అన్నం తినకుండా బయట అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి ఆమే కంచం పట్టుకుపోయి పక్కన పెట్టి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం రాజీవ్ వచ్చాడు. బల్లలన్నీ నిండి ఉన్నాయి. నేను అప్పడాలు అందిస్తున్నాను.

"మంచిగ చేసినవక్కా! మా ఇంట్ల చిచ్చు పెట్టినవ్. నిన్ను చీర తెమ్మంటే ఇంటికి పోయి కూసుంటవా?"

అప్పుడు పెట్టింది గరిటె కింద. పప్పు గిన్నె మీద అడ్డంగా పెట్టి, చేతులు తుడుచుకుంది. అన్నం నములుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

"చీర తెమ్మన్నవా లేదా?"

"తెమ్మన్న. పొమ్మన్ననా?"

"బొట్టు పెట్టి పిలవకుండ చీర ఇస్తే ఏమంటరు? బిచ్చం అంటరు. మీ చెల్లెకు నాతోని బిచ్చం ఏయిద్దామనుకున్నవా?"

"ఏయ్, మాటలు జర మంచిగ రానియ్యి..."

"పసుపు కుంకుమ అన్నవ్. శ్రావణమాసం అన్నవ్. ఆషాఢం అని నన్ను ఉరికిచ్చినవ్. నీ దొంగతనానికి పంచాంగమంత తిరగేసినవ్ కదా! మీ నాయిన తిన్న ముద్దకు గూడ పైసలిచ్చిపోయిండు. ఆయన కడుపున పుట్టి..." అని ఆగింది.

"అగ్రిమెంట్ క్యాన్సిల్. హాస్టలాయనకే ఇస్త."

"ఇయ్యి. ఆయన లాయర్ గూడ చెల్లె సంతకం అడుగుతడు. ఆయన దగ్గర చీర గూడ లేదు పాపం."

ఎవరో నవ్వబోయి పొలమారారు. రాజీవ్ కుర్చీని ఒక తన్ను తన్ని వెళ్ళిపోయాడు. పడిన కుర్చీని ఒక అమ్మాయి లేచి, మాట్లాడకుండా నిలబెట్టింది. కమల మళ్ళీ గరిటె అందుకుని, "చూస్తున్నరేంది? సాంబారు చల్లారుతలే?" అని అందరి మీదా విరుచుకుపడింది. ఆ పూట అందరికీ ఇంకో అప్పడం పడింది.

కమల అన్నట్టే అయింది. హాస్టలాయన లాయరు కూడా మొదట అడిగింది ఆ సంతకమే. దసరా వచ్చింది, పోయింది. రాజీవ్ బయానా డబ్బు ఎప్పుడో ఖర్చు పెట్టేసుకున్నాడు. తిరిగి ఇవ్వలేడు, ఇంకొకరికి అమ్మలేడు. చివరికి అతనే వెంకటరామయ్య గారికి ఫోన్ చేశాడు. అందరూ ఆ మేడ గదిలో కూర్చున్నారు. మజ్జిగ వచ్చింది. రాజీవ్ తాగలేదు.

రాగిణి ఒక్కతే వచ్చింది. కొంగు నిండుగా కప్పుకుని, నెమ్మదిగా అంది: "నా సగం నేను అమ్ముత సార్. కమలక్కకే ఇస్త. కానీ హాస్టలాయన చెప్పిన రేటుకు."

కమల అదిరిపడింది. "ఏంది? నేను చెప్పకపోతే నీకు ఆ చీర తప్ప ఏం దొరకకపోతుండె!"

"అవునక్కా. మీరు చెప్పిండ్రు. మీ కాళ్ళు మొక్కుత. కానీ రేటు రేటే. నాకు గూడ సంసారం ఉన్నది."

"సార్, చెప్పుండ్రి సార్! అగ్రిమెంట్ల రేటు రాసుకున్నం గద?"

వెంకటరామయ్య గారు తల ఊపారు. "రాసుకున్నది మీరూ, ఈ బాబూ. ఆవిడ అందులో లేరు. సంతకం పెట్టని మనిషిని ఆ రేటుకు ఎలా కట్టేస్తామమ్మా?"

"అయితే నాకు గూడ హాస్టల్ రేటే" అన్నాడు రాజీవ్.

"మీకు కుదరదు బాబూ. మొత్తం నాదే, ఇంతకే అమ్ముతానని రాసి సంతకం పెట్టింది మీరు. అబద్ధంగా రాసిన దాంట్లో మీకు మిగిలింది ఆ పాత రేటే."

అన్న పాత రేటుకు, చెల్లెలు కొత్త రేటుకు. న్యాయంగా చూస్తే నవ్వొచ్చే సంగతే. నవ్వడానికి మాకు ఓపిక లేదు. నిజం చెప్పినందుకు కమల చేతి నుంచి ఎక్కువ డబ్బు పోతుంది. గుడి ముందు నుంచి ఇంటికి నడిచాం. ఆగలేక నేనే అన్నాను: "రాగిణి తప్పేముందిలే కమలా, తన సొమ్మేగా అడిగింది."

"తప్పేం లేదు. అందుకే ఇంకా కోపమొస్తున్నది. తప్పుంటే తిట్టి ఊకుందును" అంది.

ఆ కోపంతోనే వెళ్ళి నష్టానికి చిట్టీ పాడింది. ఆ కోపంతోనే మెస్సులో ఇడ్లీలు ఇంకా పెద్దవి చేసింది, ఎందుకో నాకు తెలియదు.

కార్తీకంలో రిజిస్ట్రేషన్ అయింది. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ అమ్మకందార్లుగా సంతకాలు పెట్టారు. ఎవరి చెక్కు వాళ్ళ చేతికిచ్చారు. రాజీవ్ తన చెక్కు జేబులో పెట్టుకుని, చెల్లెలి వైపు చూడకుండా మెట్లు దిగిపోయాడు. కమల సంచిలోంచి ఆ మామిడిపండు రంగు చీర, పసుపు కుంకుమ, కొబ్బరికాయ తీసి రాగిణి ముందు పట్టుకుంది.

రాగిణి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "వద్దక్కా. ఈడ తీసుకుంటే, చీర కోసం సంతకం పెట్టినట్టే ఉంటది."

పసుపు కుంకుమ కాదనడం! ఎంత దుఃఖం కడుపులో ఉన్నా ఆ మాట అనొచ్చా అనుకున్నాను. కమల ముఖం నల్లబడింది. చీర మడిచి సంచిలో పెట్టుకుంది. బస్సు ఎక్కి ఇంటికొచ్చేదాకా ఆ సంచిని ఒళ్ళోంచి దించలేదు.

సొంతమయ్యాక ఒకసారి పాలు పొంగించాలి కదా. దానికి మంచి రోజు చూసుకుంది. ముందురోజు సాయంత్రం కుంకుమ భరిణె పట్టుకుని మళ్ళీ నా గుమ్మంలో నిలబడింది. "నడువు, అంబర్‌పేట్."

ఈసారి రాగిణి బొట్టు పెట్టించుకుంది. మర్నాడు పొద్దున్నే వచ్చింది. పాలు పొంగాక వంటింట్లోనే, పొయ్యి ముందే, కమల చీర పెట్టింది. రాగిణి కళ్ళకద్దుకుని తీసుకుంది. వెంటనే అంచు తిరగేసి చూసి మొహం చిట్లించింది.

"ఈ ఫాల్ ఎవరు కుట్టిండ్రక్కా? ఇట్ల కుడ్తరా ఎవరన్న? కుచ్చిళ్ళు నిలవనే నిలవవు." సూది అడిగి తీసుకుని, ఒక మూల కూర్చుని ఫాలంతా విప్పడం మొదలుపెట్టింది.

"మీ అన్నను పిల్వలే" అంది కమల, ఆమె వైపు చూడకుండా.

"మంచిగ చేసిండ్రు."

భోజనాలయ్యాయి. పోయేముందు రాగిణి చెప్పులు వేసుకుంటూ అంది: "అక్కా, చింతకాయ పచ్చడి జర రెండు డబ్బలు ఇయ్యుండ్రి."

"రెండెందుకు?"

"ఒకటి అన్నకు" అంది రాగిణి. చేతిలో దారం వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

కమల లోపలికి పోయి ఒక్క డబ్బా నింపి తెచ్చి చేతిలో పెట్టింది. "గింతే ఉన్నది" అంది.

నేను వంటింట్లోకి తొంగి చూశాను. జాడీ మెడదాకా పచ్చడి ఉంది. గరిటె దాని మీద అడ్డంగా పెట్టి ఉంది.